కొలవనివాడికి మిగిలేది నింద



"బురదలో బుడగలు లెక్కపెట్టడం, బావిలోకి తాడు వదిలి నీళ్లెంత లోతున ఉన్నవో చూడడం, ఇదీ ఒక చదువేనా? ఇందుకోసం ఒక మనిషి ముప్పయ్యేళ్ల జీవితం ధారపోయాలా?" ఈ మాట మా ప్రాంతంలో తరచుగా వినబడుతున్నది. 2008లో శ్రీ సిటీ మొదలైన తరువాత మా సత్యవేడు, వరదయ్యపాళెం, తడ చుట్టుపక్కల పిల్లలకు రెండే దారులు పెద్దలు చూపిస్తున్నారు. ఒకటి కంప్యూటరు కొలువు, రెండవది కర్మాగారంలో కొలువు. పర్యావరణ శాస్త్రం చదువుతాననే పిల్లవాడు కనబడితే జాలిపడుతున్నారు. ఆ జాలి మీదనే నా పేచీ.

నేను శాస్త్రవేత్తను కాను. ఉభయభాషాప్రవీణ చదివి, ఛందస్సూ వ్యాకరణమూ పిల్లలకు చెప్పి, పదవీవిరమణ చేసినవాణ్ణి. మీథేనుతో నీకేమి పని అని మిత్రులు అడగవచ్చు. నా పని మాటలతో. ఈ విషయంలో మన మాటలే నాకు దారి చూపించినవి. అందుచేత అక్కడి నుండే మొదలుపెడతాను.

"మా" అనే సంస్కృత ధాతువుకు కొలుచుట అని అర్థం. దాని నుండి మానము, పరిమాణము, ప్రమాణము, అనుమానము వచ్చినవి. ప్రమాణమంటే కొలత, ప్రమాణమంటే సాక్ష్యం. తెలుగువాడు ఇంకొక అడుగు వేసి, దేవుడి ఎదుట చేసే ఒట్టును కూడ ప్రమాణమే అన్నాడు. ఇక అనుమానం. తర్కశాస్త్రంలో అది గౌరవప్రదమైన మాట. పొగను చూసి నిప్పును ఊహించడం. తెలుగులోకి వచ్చేసరికి అది శంక అయింది, నింద అయింది. ఎందుకు అయిందో ఏ నిఘంటువూ చెప్పదు గాని, లోకానుభవం చెబుతుంది: ప్రమాణం లేని చోట అనుమానమే రాజ్యం చేస్తుంది. ఇక అచ్చతెలుగు "కొలుచు" సంగతి చూడండి. దానికి రెండర్థాలు. కుంచంతో వడ్లు కొలవడం ఒకటి, దేవుణ్ణి కొలవడం మరొకటి. రెండర్థాలనూ ఒకే క్రియలో దాచుకున్న భాష మనది. అటువంటి భాష మాట్లాడేవాళ్లం, కొలిచేవాణ్ణి చూసి నవ్వడం న్యాయమా?

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మన నేలనూ, మన నీళ్లనూ, మన గాలినీ మనం కొలుచుకోకపోతే, పరాయివాడు ఊహించి ఒక అంకె వేస్తాడు. ఆ అంకె మన నెత్తిన నిందగా కూర్చుంటుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. జరిగింది.

మీథేను అంటే ఏమిటో ముందు రెండు మాటలు. గాలి సోకని బురదలో, కుళ్లుతున్న ఆకూ అలమూ తిని సూక్ష్మజీవులు విడిచే వాయువు అది. చెరువు అడుగున కర్రతో కెలికితే బుడబుడ పైకి వచ్చేది అదే. 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా మజోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కలియబెట్టి, ఆ బుడగలను పాత్రలో పట్టి, అంటించి చూశాడు. మన పల్లెల్లో రాత్రివేళ చిత్తడి నేలల మీద కనబడుతుందని చెప్పుకునే కొరివిదయ్యాల కథలకు ఈ వాయువే మూలమని కొందరి ఊహ. పశువుల పొట్టలో పుట్టేది ఇదే, చెత్తకుప్పల అడుగున పుట్టేది ఇదే, గోబర్ గ్యాసు పొయ్యిలో మండేదీ ప్రధానంగా ఇదే. నీరు నిలిచిన వరిమడిలో కూడ ఇది పుడుతుంది. వరి కాడలోని గాలిగొట్టాల గుండా అధికభాగం పైకి పోతుంది.

ఇది ఆకాశంలో ఉండేది సుమారు పన్నెండేళ్లే. కాని ఉన్నంతకాలం బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. బరువుకు బరువు పోల్చితే, నూరేళ్ల లెక్కన సుమారు 28 రెట్లు, ఇరవయ్యేళ్ల లెక్కన సుమారు 80 రెట్లు. పద్దెనిమిదవ శతాబ్దంలో గాలి నూరు కోట్ల భాగాలలో ఏడు వందల చిల్లర భాగాలుగా ఉన్న మీథేను, ఇప్పుడు పందొమ్మిది వందలు దాటింది. కనుక ఈ వాయువు ఎక్కడెక్కడ ఎంత పుడుతున్నదో తెలుసుకోవడం లోకానికి అవసరమే. దానిని నేను కాదనను. పేచీ అంతా ఎవరు కొలవాలి, ఎక్కడ కొలవాలి అన్న చోట వచ్చింది.

1990 ప్రాంతంలో వాతావరణ మార్పు గురించి దేశాల మధ్య బేరసారాలు మొదలైనవి. ఎవరు ఎంత పాపం చేస్తున్నారో పట్టికలు వేశారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలో భారతదేశపు వరిమళ్లు ఏడాదికి 37 మిలియన్ టన్నులకు పైగా మీథేను వదులుతున్నవని తేలింది. ఆ అంకె ఎలా వచ్చింది? ఐరోపా, అమెరికా పొలాల్లో కొలిచిన రేటును తెచ్చి, మన వరి విస్తీర్ణంతో గుణించారు. అక్కడి నేలల్లో సేంద్రియ పదార్థం మెండు, పంట పొడుగునా నీరు నిలిచి ఉంటుంది. మన నేలలు చాలాచోట్ల సారం తగ్గినవి. మన వరిలో పెద్దభాగం వానను నమ్ముకున్నది. మధ్యలో మడి ఎండుతుంది, మళ్లీ తడుస్తుంది. గాలి సోకిన మట్టిలో మీథేను పుట్టించే జీవులు పనిచేయవు. ఈ తేడా తెలియడానికి మడిలో దిగాలి. దిగకుండానే గుణకారం చేశారు. తర్కశాస్త్రపు అర్థంలోనూ, తెలుగు అర్థంలోనూ కూడ అది అనుమానమే.

అప్పుడు నిలబడ్డవాడు అశేష్ ప్రసాద్ మిత్ర. 1927లో కలకత్తాలో పుట్టిన వంగదేశీయుడు. అయనోస్ఫియరు మీద, అంటే చాలా ఎత్తున ఉండే విద్యుదావేశపు పొర మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్నవాడు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు డైరెక్టరు, ఆ తరువాత 1986 నుండి 1991 వరకు సి.ఎస్.ఐ.ఆర్.కు డైరెక్టర్ జనరల్. ఆకాశపు పైకప్పును చదివిన మనిషి, జీవితపు ఉత్తరార్ధంలో వరిమడి బురద వైపు దృష్టి తిప్పాడు. 1991లో ఆయన నాయకత్వాన దేశంలోని పలు సంస్థలు కలిసి మీథేను కొలతల ఉద్యమం నడిపినవి.

ఆ పని ఎలా ఉంటుందో ఊహించండి. వరి దుబ్బుల మీద ఒక పెట్టెను బోర్లించాలి. లోపలి గాలిని కొంతకొంత వ్యవధి ఇచ్చి సూదితో తీయాలి. గాజుసీసాలో భద్రపరచాలి. ప్రయోగశాలకు చేర్చి యంత్రంలో చూడాలి. నాటు నుండి కోత దాకా, పొద్దునా మధ్యాహ్నమూ, ఎండలో వానలో ఇదే పని. ఒక మడి ఫలితం ఇంకొక మడికి చెల్లదు. అందుకని రాష్ట్ర రాష్ట్రానికీ తిరగాలి. జలగలు పట్టుకుంటాయి, పాములు కనబడతాయి. పత్రికలో బొమ్మ వేయించుకునే పని కాదు.

తేలినది ఎంత? ఏడాదికి సుమారు 4 మిలియన్ టన్నులు. మన మీద వేసిన అంకెలో తొమ్మిదో వంతు!

బ్లాగ్మిత్రులారా, ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. ఆ 37కూ 4కూ మధ్య ఉన్నది శాస్త్రవేత్తల వివాదం మాత్రమే కాదు. ఆ తేడాలో మన రైతు ఉన్నాడు. 37 నిలిచి ఉంటే, లోకాన్ని వేడెక్కిస్తున్న దోషుల వరుసలో ఎద్దుకూ, వరికీ, రెండెకరాల ఆసామికీ ముందు పీట వేసి ఉండేవారు. అదే 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ కలిసి "అసమాన ప్రపంచంలో భూతాపం" అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. బ్రతుకు కోసం విడిచే వాయువునూ, విలాసం కోసం విడిచే వాయువునూ ఒకే తక్కెడలో తూచవద్దన్నది వారి వాదం. ఆ వాదం ధర్మబద్ధమైనది. కాని వాదానికి బలం చేకూర్చింది మిత్ర బృందం తెచ్చిన అంకె. ధర్మం ఒక్కటే ఉంటే "పాపం, బీదవాళ్లు" అని తల నిమిరి పంపేవారు. ప్రమాణం కూడ ఉన్నది కనుక వినవలసి వచ్చింది.

2021లో గ్లాస్గోలో, 2030 నాటికి మీథేనును 30 శాతం తగ్గించాలని పలు దేశాలు ప్రతిజ్ఞ చేసినవి. భారతదేశం అందులో చేరలేదు. చేరవలసిందా కాదా అన్నది వేరే చర్చ. నాకు రెండు వైపులా వాదనలు కనబడుతున్నవి. కాని ఆ వేదిక మీద మన వరి గురించి మనం మన అంకెతో మాట్లాడగలగడం, ముప్పయ్యేళ్ల కిందట బురదలో దిగిన కాళ్ల పుణ్యం. మిత్ర 2007లో కన్నుమూశారు. బురదలో బుడగలు లెక్కపెట్టడం ఒక చదువేనా అని అడిగేవారికి ఆయన జీవితం జవాబు.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ మన ఇంటి కథ ఉన్నది.

మా సత్యవేడు పేరు భూగర్భ శాస్త్ర గ్రంథాలలో ఉన్నదని మా ఊళ్లలో ఎంతమందికి తెలుసు? ఎర్రగా తుప్పు పట్టినట్టుండే ఇసుకరాయీ, గులకరాళ్లు అతుక్కున్న రాయీ కలిసిన ఇక్కడి పాత పొరలకు శాస్త్రజ్ఞులు సత్యవేడు శిలాసమూహం అని పేరు పెట్టారు. రాక్షసబల్లులు తిరిగిన కాలపు నేల అది. ఇసుకరాయిలో నీరు ఒక తీరున దాగుతుంది. ఇక్కడి నుండి పడమరగా చిత్తూరు వైపు పోతే కఠినశిల వస్తుంది. అక్కడ నీరు పైనున్న మొరపనేలలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే బోరు పండింది, తగలకపోతే అప్పు పండింది. ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలో నేల అడుగున రెండు లోకాలు. కొలవకుండా ఒకదాని మాట ఇంకొకదానికి చెప్పడం, ఐరోపా మడి లెక్క మన మడికి కట్టడం వంటిదే.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ట్రిటియం అనే జాడతెలిపే పదార్థాన్ని మట్టిలోకి ఎక్కించి, వాననీరు ఏడాదికి ఎంత లోతుకు దిగుతున్నదో దేశంలో అనేక చోట్ల కొలిచారు. కఠినశిలా ప్రాంతంలో కురిసిన వానలో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే కిందికి చేరుతుంది. ఈ ఒక్క సంగతి ప్రతి రైతు మనసుకూ ఎక్కి ఉంటే, వెయ్యి అడుగుల బోర్ల పందెం ఇంత దూరం వచ్చేదా?

ఎక్కించవచ్చునని మన జిల్లాలే నిరూపించినవి. 2000ల మధ్యకాలంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకునే పథకం ఒకటి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాలలో నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. అందులో నీళ్లు ఎవరూ పంచలేదు, రాయితీ ఇవ్వలేదు, బోరు వేయవద్దని ఎవరినీ బెదిరించలేదు. వానను కొలవడం, బోరులో నీటిమట్టాన్ని కొలవడం రైతులకు, రైతుస్త్రీలకు నేర్పారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని పద్దు రాసుకున్నారు. వానతో చేరిన జమ ఇంత, వేయదలచిన పంటలకు ఖర్చు ఇంత, మిగులెంత, తరుగెంత. తరుగు కనబడితే, ఎవరి పొలంలో వారు ఏమి వేయాలో తామే తేల్చుకున్నారు. చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. 2010లో ప్రపంచ బ్యాంకు మన దేశపు భూగర్భజలాల మీద వెలువరించిన నివేదికలో ఈ పనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నది.

2002లో మన రాష్ట్రంలో జలము, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. చట్టం అవసరమే. కాని చట్టం చేయలేని పనిని ఒక తాడూ, ఒక పలకా చేసినవి. ఎందుకంటే చట్టం రైతును అనుమానించింది, కొలత రైతును నమ్మింది. పూర్వం చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. తూము ఎంత ఎత్తితే ఏ మడికి ఎంత నీరు పోతుందో అతనికి లెక్క తెలుసు. చెరువు నీరు కంటికి కనబడుతుంది కనుక ఒక నీరుగంటి చాలాడు. బోరునీరు కంటికి కనబడదు. కనుక ఊరంతా నీరుగంటి కావాలి.

నిజమూ చెప్పాలి. పథకం ముగిసిన తరువాత పలుచోట్ల ఆ అలవాటు సడలింది. దీనిని పట్టుకుని "చూశారా, అంతా ఉత్తదే" అనేవారున్నారు. నేను ఎదురు అడుగుతాను. బడి మూసేసి, పిల్లలకు చదువు రాలేదని అక్షరాలను నిందిస్తామా? కొలత ఏటేటా జరగవలసిన పని. దానికి జీతమిచ్చే మనుషులు కావాలి, నేర్పేవారు కావాలి, ఆ నేర్పేవారికి నేర్పే శాస్త్రవేత్తలు కావాలి. 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన ప్రారంభించింది. ఊరి నీటి పద్దును ఊరే రాసుకోవాలన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. అది ఏడు రాష్ట్రాలకు ఇచ్చారు; అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఇటువంటి పద్దు ఎలా రాయాలో అంతకు పదిహేనేళ్ల ముందే రాసి చూపించిన నేల పేరు పట్టికలో లేకపోతే, అడగవలసిన నోళ్లు మనవే కదా! ఎందుకు అడగలేదు? ఆ పని విలువ మనకే తెలియక.

ఇప్పుడు ఈ రెండు కథలూ ఒకే మడిలో కలుస్తాయి. వరిమడిలో నీరు ఎప్పుడూ నిలిచి ఉంటే మీథేను పుడుతుంది. ఆ నీరు బోరు నుండి వస్తే భూగర్భజలం తరుగుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడిపితే రెండూ తగ్గుతాయి. చిల్లులున్న గొట్టాన్ని మడిలో పాతి, నీరు నేలమట్టానికి పదిహేను సెంటీమీటర్లు దిగేదాకా ఆగి తడి పెట్టే పద్ధతిని ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసింది. మన రాష్ట్రంలో 2003 నుండి ప్రచారంలోకి వచ్చిన శ్రీ వరి సాగులో కూడ నీరు నిలవకుండా తడిపొడిగా ఉంచడమే ప్రధానం. శ్రీ సిటీకి ముందే మనకు శ్రీ వరి వచ్చిందన్నమాట! అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. మడి ఆరి తడిసేటప్పుడు, ఎరువు ఎక్కువ వేసి ఉంటే, నైట్రస్ ఆక్సైడు అనే ఇంకొక వాయువు పెరగవచ్చు. అది మీథేను కంటే తీవ్రమైనది. ఒక చోట మేలు, ఒక చోట కీడు. ఏ నేలలో ఏది ఎంత? మళ్లీ కొలవాలి. ఢిల్లీలో కాదు, మనీలాలో కాదు, మన మడిలో. అందుకే ఒక మనిషి జీవితకాలం ఇందులో చాలదంటాను.

అటువంటి జీవితాలు మన తెలుగునాట ఉన్నవి. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ గారు, వారి సహచరులు చేసిన పని చూడండి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఏటి నీటిని ఋతువు ఋతువునా పరీక్షించారు. 2011 వర్షాకాలంలో తూర్పు పడమటి తీరాలలోని 27 నదీముఖాలలో నమూనాలు సేకరించారు. నీటి నుండి గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువునూ, మీథేనునూ, నైట్రస్ ఆక్సైడునూ లెక్కగట్టారు. మన నదీముఖాలు వదిలే బొగ్గుపులుసు వాయువు ఐరోపా నదీముఖాలతో పోల్చితే ఎంతో తక్కువని వారి లెక్కలో తేలింది. వరిమడి కథ నదీముఖం దగ్గర మళ్లీ జరిగిందని నాకనిపిస్తున్నది. గోదావరి ముఖం వద్ద నేల అడుగు నుండి కంటికి కనబడకుండా సముద్రంలోకి జారే భూగర్భజలాన్ని, రేడియం జాడల సాయంతో పట్టుకున్న అధ్యయనంలో కూడ శర్మ గారు ఉన్నారు. గాలిలోకి పోయే వాయువూ, నేల కింది నీరూ ఒకే శాస్త్రవేత్త పనిలో ఇలా కలుస్తాయి. ఎంతమంది తెలుగు పాఠకులకు ఈ పని తెలుసు? ఒక సినిమా పాట విడుదలైన తేదీ తెలిసినంతమందికి తెలుసా?

ఇంకా దగ్గరికి రండి. తిరుపతి నుండి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉన్నది. అక్కడి పెద్ద రాడారు కేంద్రం 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. ఆకాశాన్ని పొరపొరగా చదివే చోటు అది. 1980లలో మిత్ర నాయకత్వాన నడిచిన మధ్య వాతావరణ పరిశోధన కార్యక్రమానికీ, ఈ రాడారుకూ సంబంధం ఉన్నది. తూర్పున శ్రీహరికోట. పక్కన పులికాటు, చిలుక తరువాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు. మా ఆరణి, కాళంగి నదులు చేరేది అందులోకే. మంచినీటి బురదలో మీథేను ఎక్కువ పుడుతుంది. సముద్రపు ఉప్పులోని గంధకం కలిసిన చోట వేరే సూక్ష్మజీవులు పైచేయి సాధించి దానిని అణచివేస్తాయి. ఏట్లో నీరు తగ్గినా, సముద్రపు మూతి పూడినా ఆ తూకం మారుతుంది. ఒక కుర్రవాడు ఇరవయ్యేళ్ల వయసులో పులికాటు ఒడ్డున నిలబడి ఈ ప్రశ్న పట్టుకుంటే, అరవయ్యేళ్లు వచ్చేదాకా పని ఉంటుంది. శ్రీ సిటీలోనే ఇప్పుడు ఉన్నత విద్యాసంస్థలున్నవి. 2013లో వచ్చిన ఐఐఐటీ ఉన్నది, క్రియా విశ్వవిద్యాలయం ఉన్నది. ప్రశ్న వాకిట్లో ఉన్నది, బడి పక్కనే ఉన్నది. దారి చూపని పెద్దలం మనమే.

ఈ మాట అనగానే కొందరు నన్ను అభివృద్ధి నిరోధకుల జాబితాలో రాసేస్తారు. కనుక తేటగా చెబుతాను. నేను శ్రీ సిటీకి వ్యతిరేకిని కాను. వలస పోయిన పిల్లలు ఇంటికి దగ్గరగా కొలువు చేసుకోవడం చూసి సంతోషించేవాణ్ణి. కాని ఇన్ని కర్మాగారాలు, ఇన్ని కాపురాలు ఒకచోట చేరినప్పుడు, చుట్టుపక్కల బావుల్లో నీరు ఏటేటా ఏ లోతున ఉన్నదో, ఆ నీటిలో ఏమున్నదో అడగడం ద్రోహం కాదు. కొలత పరిశ్రమకూ మేలే. నీరు తగ్గలేదంటే ఆ అంకె పరిశ్రమను నింద నుండి కాపాడుతుంది. తగ్గిందంటే ఊరిని కాపాడుతుంది. కొలత లేకపోతే ఇరువైపులా అనుమానమే మిగులుతుంది. కొలతకు భయపడేవారు ఎవరో, ఎందుకు భయపడతారో, అది వారే ఆలోచించుకోవాలి.

చివరిగా నా సొంత పొలంలోకి వస్తాను, అంటే భాషలోకి. రాష్ట్ర భూగర్భజల శాఖకు పీజోమీటర్లు ఉన్నవి, వాటి లెక్కలూ ఉన్నవి. శాస్త్రవేత్తల వ్యాసాలు ఉన్నవి. కాని అవి ఏ భాషలో ఉన్నవి? ఎవరి మడిలో పెట్టె బోర్లించారో ఆ రైతుకు ఫలితం అందిందా? ఎవరి బావిలో తాడు వదిలారో ఆ ఇల్లాలికి అంకె చెప్పారా? మన ఊరి మట్టిని విదేశీ పత్రికకు పంపి, మన ఊరికి ఒక కార్డుముక్క కూడ రాయకపోవడం పాండిత్యమే కావచ్చు, మర్యాద కాదు. 2020లో కేంద్రం పర్యావరణ ప్రభావ మదింపు నియమాల ముసాయిదాను ప్రజల అభిప్రాయానికి పెట్టింది. దానిని ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోకి అనువదించి ప్రచురించమని ఆ జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రజలను అభిప్రాయం అడుగుతూ, అడిగే భాష ప్రజలది కాకపోతే, అది అడగడమే కాదు.

శాస్త్రం తెలుగులో పలకదనే వాదం నా ఎదుట తేవద్దు. ఏడు జిల్లాల రైతులు జమాఖర్చుల భాషలో భూగర్భజల శాస్త్రం మాట్లాడారు. జమ, ఖర్చు, తరుగు, మిగులు. ఈ నాలుగు మాటల కంటే మంచి పారిభాషిక పదాలు ఏ సంఘం కూర్చుని తయారుచేసింది? రాయలసీమలో వానను పదును లెక్కన చెప్పుకుంటారు. మిల్లీమీటర్ల పక్కన ఆ మాట కూడ రాస్తే శాస్త్రానికి నష్టమేమీ లేదు. మీథేనును మీథేను అనే అనండి; రోడ్డు, బస్సు, బోరు మన మాటలైనట్టే అదీ అవుతుంది. కావలసినది మాట కాదు, చెప్పాలనే బుద్ధి.

కనుక నా కోరికలు మూడు. శ్రీ సిటీ చుట్టూ ఉన్న ప్రతి పంచాయతీ గోడ మీద, వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి, ఆ ఊరి నీటిమట్టం తెలుగు అక్షరాలలో రాయాలి. పోయిన ఏడాది అంకె పక్కనే ఉండాలి. మన నేల మీద పరిశోధన చేసిన ప్రతి శాస్త్రవేత్తా, ఇంగ్లీషు వ్యాసంతో పాటు ఒక పుట తెలుగులో ఆ ఊరికి ఇవ్వాలి. తనకు తెలుగు రాకపోతే వచ్చినవారిని అడగాలి. మూడవది మన పని. మనం అంతర్జాలంలో తెలుగు రాయడానికి ఎన్ని తంటాలు పడి నేర్చుకున్నామో మనకు తెలుసు. కవితలూ, పద్యాలూ, జ్ఞాపకాలూ రాసుకున్నాం, మంచిదే. ఇకమీద ఒక్కొక్కరం ఏడాదికి ఒక్క శాస్త్రవ్యాసాన్నయినా చదివి, అర్థం చేసుకుని, మన ఊరివారికి అర్థమయ్యే తెలుగులో ఒక టపా రాద్దాం. తప్పులుంటే తెలిసినవారు వ్యాఖ్యలలో దిద్దుతారు.

ఎవరింట్లోనైనా ఒక పిల్లవాడో పిల్లో "నేను నీళ్లను గురించి, గాలిని గురించి చదువుకుంటాను" అంటే, దయచేసి నవ్వకండి. రేపు మన వరి మీద, మన బావి మీద, మన సరస్సు మీద ఎవరో ఒక అంకె విసిరినప్పుడు, లేచి నిలబడి "ఇదిగో మా ప్రమాణం" అని చెప్పవలసినవారు వారే.